బ్లాక్‌బర్న్ రోవర్స్: కోళ్ల కంపెనీ చేతిలో ఒక ఊరి క్లబ్

ఇంగ్లండ్‌లో 2024-25 ఫుట్‌బాల్ సీజన్ ముగిసింది. లివర్‌పూల్ చాంపియన్ అయింది. కింది నుంచి మూడు జట్లు, సౌతాంప్టన్, లెస్టర్ సిటీ, ఇప్స్‌విచ్ టౌన్, ప్రీమియర్ లీగ్ నుంచి రెండో అంచె అయిన చాంపియన్‌షిప్‌కు దిగిపోయాయి. దీన్నే రెలిగేషన్ అంటారు. సౌతాంప్టన్ పరిస్థితి మరీ దారుణం. 38 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 12 పాయింట్లు. ఇంకా 7 మ్యాచ్‌లు మిగిలి ఉండగానే ఏప్రిల్ 6న దాని కథ ముగిసింది. లెస్టర్ అయితే అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2016లో, ఇదే లీగ్ గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన జట్టు.

మన ఇళ్లలో పిల్లలు లివర్‌పూల్ జెర్సీ వేసుకుంటారు, ముహమ్మద్ సలా గోల్ కొట్టి సజ్దా చేస్తే మురిసిపోతారు. కింద పడిపోయిన జట్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. కానీ ఒక ఆట, ఒక ఊరు, ఒక వ్యాపారం ఎలా ముడిపడి ఉంటాయో తెలుసుకోవాలంటే గెలిచిన జట్టు కంటే పడిపోయిన జట్టును చూడటమే మేలు. అందులోనూ ఒక క్లబ్ కథ మనకు కాస్త దగ్గరది. దాని యజమానుల కంపెనీ పుట్టింది హైదరాబాద్‌లో. ఆ ఊళ్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ముస్లిములు. ఆ క్లబ్ పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్.

ఊరు, క్లబ్, ఈద్ నమాజ్

బ్లాక్‌బర్న్ ఇంగ్లండ్ వాయవ్య భాగంలో, లాంకషైర్ ప్రాంతంలో ఉన్న పాత మిల్లుల పట్టణం. నూలు, బట్ట మిల్లులతో బతికిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ మిల్లుల్లో పనికి మనుషులు చాలక గుజరాత్‌లోని భరూచ్, సూరత్ వైపు నుంచి, పాకిస్తాన్ నుంచి కుటుంబాలు వెళ్లి అక్కడ స్థిరపడ్డాయి. మిల్లులు మూతపడ్డాయి, మనుషులు మాత్రం ఉండిపోయారు. 2021 జనాభా లెక్కల ప్రకారం బ్లాక్‌బర్న్, పక్కనున్న డార్వెన్ కలిసిన పాలనా ప్రాంతంలో సుమారు లక్షన్నర జనం. వారిలో 35 శాతం ముస్లిములు. ఇంగ్లండ్‌లో ఇంత నిష్పత్తి ఉన్న ప్రాంతాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ ఊరి క్లబ్ 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌ను మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో ఇదొకటి. 1890 నుంచి ఈవుడ్ పార్క్ అనే మైదానంలోనే ఆడుతోంది. 2022 మే 2న అదే పచ్చిక మీద వందలాది మంది సఫ్‌లు కట్టి ఈదుల్ ఫితర్ నమాజ్ చదివారు. మైదానం మీద ఈద్ నమాజ్‌కు తలుపులు తెరిచిన మొదటి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ క్లబ్ అదే. ఒకప్పుడు ఆసియా వాళ్లు స్టేడియం దగ్గరికి వెళ్లాలంటేనే జంకే రోజులు ఇంగ్లండ్‌లో ఉండేవి. అలాంటి చోట ఈ దృశ్యం చిన్న విషయం కాదు.

స్టీలు వ్యాపారి నుంచి కోళ్ల వ్యాపారుల దాకా

1991లో జాక్ వాకర్ అనే స్థానిక స్టీలు వ్యాపారి ఈ క్లబ్‌ను తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పటి నుంచీ రోవర్స్ అభిమాని. కెన్నీ డాల్‌గ్లీష్‌ను మేనేజర్‌గా పిలిపించారు. అలన్ షియరర్‌ను 1992లో అప్పటి బ్రిటిష్ రికార్డు ధర పెట్టి కొన్నారు. స్టేడియాన్ని కొత్తగా కట్టించారు. 1995లో ఆఖరి రోజు లివర్‌పూల్ చేతిలో ఓడినా, మాంచెస్టర్ యునైటెడ్ తన మ్యాచ్ గెలవలేకపోవడంతో ఒక్క పాయింట్ తేడాతో, 89-88తో, బ్లాక్‌బర్న్ ప్రీమియర్ లీగ్ చాంపియన్ అయింది.

అంటే డబ్బుతోనే గెలిచారు, అందులో దాపరికం ఏమీ లేదు. 1999లో ఈ క్లబ్ ఒకసారి రెలిగేట్ అయింది కూడా. అయినా వాకర్ కుటుంబం వదిలిపెట్టలేదు. 2000లో ఆయన చనిపోయారు, 2001లో జట్టు మళ్లీ పైకి వచ్చింది, 2002లో లీగ్ కప్ గెలిచింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు నిలకడగా ప్రీమియర్ లీగ్‌లో ఉంది.

2010 నవంబర్‌లో వాకర్ ట్రస్ట్ క్లబ్‌ను అమ్మేసింది. కొన్నది పుణె కేంద్రంగా పనిచేసే వీహెచ్ గ్రూప్, జనం భాషలో వెంకీస్. షేర్లకు సుమారు 2.3 కోట్ల పౌండ్లు, అప్పుల భారం అదనం. ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్‌ను భారతీయ కంపెనీ కొనడం అదే మొదటిసారి. ఈ గ్రూప్‌కు మూలం 1971లో హైదరాబాద్‌లో బి.వి.రావు మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్. భారత పౌల్ట్రీ రంగంలో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు. కోడిగుడ్డు ధర దళారులు కాకుండా రైతులే నిర్ణయించుకోవాలని 1982లో నెక్ ఏర్పడటంలో ఆయనదే ప్రధాన పాత్ర. ఈ రోజు మన వీధి కిరాణా షాపులో గుడ్డు ధర పలుకుతోందంటే దాని వెనక ఆ నెక్ రేటే ఉంటుంది. క్లబ్ కొన్నది ఆయన తర్వాతి తరం: కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్ రావు, బాలాజీ రావు.

ఏం జరిగింది?

కొన్న నెల తిరగకుండానే, 2010 డిసెంబర్‌లో, మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అంతకుముందు సీజన్‌లో జట్టును పదో స్థానంలో నిలబెట్టిన అనుభవజ్ఞుడు ఆయన. తీసేసేనాటికి జట్టు 13వ స్థానంలో ఉంది. కంగారు పడాల్సిన స్థితి ఏమీ కాదు. ఆయన స్థానంలో, అంతవరకూ ఎక్కడా మేనేజర్‌గా చేయని కోచ్ స్టీవ్ కీన్‌కు పగ్గాలు ఇచ్చారు. రొనాల్డిన్యో లాంటి తారలు వస్తారని ప్రచారం నడిచింది. తారలు రాలేదు. ఉన్న మంచి ఆటగాళ్లు వెళ్లిపోయారు. యువ డిఫెండర్ ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. సీజన్ మధ్యలో కెప్టెన్ క్రిస్ సాంబా రష్యా క్లబ్‌కు వెళ్లిపోయాడు. ఇదంతా జరుగుతుండగా క్లబ్ ఆటగాళ్లు వెంకీస్ చికెన్ తింటున్న ప్రకటన ఒకటి టీవీలో వచ్చింది. ఊరి జనం మనసుకు అది ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

2011-12 సీజన్ వింతగా సాగింది. మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల సొంత మైదానంలోనే 3-2తో ఓడించారు. యాకుబు ఒక్కడే లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు. అయినా డిఫెన్స్ చిల్లులు పడ్డ కుండలా తయారైంది, 38 మ్యాచ్‌లలో 78 గోల్స్ ఇచ్చుకుంది. 2012 మే 7న జోరువానలో ఈవుడ్ పార్క్‌లో విగన్‌తో మ్యాచ్. 87వ నిమిషంలో విగన్ డిఫెండర్ అల్కరాజ్ తలతో గోల్ కొట్టాడు. 0-1. పదకొండేళ్ల ప్రీమియర్ లీగ్ జీవితం అక్కడితో ఆగిపోయింది. ఆ రోజు నిరసనగా అభిమానులెవరో క్లబ్ రంగుల జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

దిగిపోయాక అయినా కుదుటపడ్డారా అంటే లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, 2012-13 ఒక్క సీజన్‌లోనే మేనేజర్లు వరసగా మారారు. హెన్నింగ్ బెర్గ్ ఉన్నది 57 రోజులు. ఆయన నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లి గెలిచారు. ఆ తర్వాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. ఖర్చుల నిబంధనలు దాటినందుకు క్లబ్‌కు కొత్త ఆటగాళ్లను కొనకుండా ఆంక్షలు కూడా పడ్డాయి. 2017 మే 7న, అంటే సరిగ్గా ఐదేళ్లకు అదే తేదీన, రెండో దెబ్బ తగిలింది. ఆఖరి మ్యాచ్‌లో బ్రెంట్‌ఫర్డ్‌ను 3-1తో గెలిచారు. 51 పాయింట్లు వచ్చాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ 51 పాయింట్లే. గోల్స్ తేడాలో ఫారెస్ట్ మైనస్ 10, బ్లాక్‌బర్న్ మైనస్ 12. రెండంటే రెండు గోల్స్‌తో మూడో అంచెకు పడిపోయారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ ఒకటి మూడో అంచెకు చేరడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

రెలిగేషన్ అంటే పోయేది పాయింట్లేనా?

క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ఇది వెంటనే అర్థం కాకపోవచ్చు. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు మళ్లీ ఏడాది అదే లీగ్‌లో, అదే టీవీ డబ్బుతో ఆడుతుంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ప్రీమియర్ లీగ్‌లో 20వ స్థానంలో నిలిచినా ఇప్పుడు 10 కోట్ల పౌండ్లకు పైనే వస్తుంది, అంటే మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయలు దాటి. కింది అంచెలో టీవీ ఆదాయం అందులో చిన్న వాటా మాత్రమే. ఆ పతనం ఒక్కసారిగా తగలకుండా పారాచూట్ పేమెంట్స్ పేరుతో రెండు మూడేళ్లు తగ్గుతూ వచ్చే సొమ్ము ఇస్తారు. కానీ ఆటగాళ్ల జీతాలు పై అంచె లెక్కలో ఉంటాయి, ఆదాయం కింది అంచెకు వచ్చేస్తుంది. ముందు ఆటగాళ్లను అమ్ముతారు, తర్వాత సిబ్బందిని తగ్గిస్తారు. మ్యాచ్ రోజున నడిచే చాయ్ దుకాణం, టాక్సీ, చిన్న హోటల్, అందరి రాబడీ తగ్గుతుంది. 31 వేల మందికి పైగా పట్టే ఈవుడ్ పార్క్‌కు ఒకప్పుడు సగటున పాతిక వేల మంది వచ్చేవాళ్లు. 2017 నాటికి ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

ఇంకో మాట. పైకి రావడం కూడా ఇప్పుడు అంత తేలిక కాదు. 2023-24, 2024-25 సీజన్లు రెండిట్లోనూ చాంపియన్‌షిప్ నుంచి పైకి వచ్చిన మూడు జట్లూ ఒక్క ఏడాదిలోనే తిరిగి కిందికి పోయాయి. మొదట లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్. ఆ తర్వాత సౌతాంప్టన్, లెస్టర్, ఇప్స్‌విచ్. రెండు అంచెల మధ్య గోడ అంత ఎత్తుగా పెరిగింది.

తప్పంతా వెంకీస్‌దేనా?

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఈ కుటుంబం క్లబ్‌ను దోచుకుని పారిపోలేదు. 2010 నుంచి ఇప్పటి దాకా 20 కోట్ల పౌండ్లకు పైగా సొంత డబ్బు అందులో పోశారు. తిరిగి వచ్చింది దాదాపు ఏమీ లేదు. 2017లో పడిపోయిన జట్టు టోనీ మోబ్రే చేతుల మీదుగా ఒక్క ఏడాదిలోనే తిరిగి రెండో అంచెకు వచ్చింది. ఆ మేనేజర్‌కు ఐదేళ్లకు పైగా సమయం ఇచ్చారు. ఈద్ నమాజ్‌కు ఈవుడ్ పార్క్ తలుపులు తెరుచుకున్నది కూడా వీళ్ల హయాంలోనే. లాంకషైర్‌లో దశాబ్దాలుగా ఫుట్‌బాల్ చూస్తున్నవాళ్ల కోపం వేరు, యజమానుల చర్మం రంగు చూసి వెక్కిరించేవాళ్ల మాట వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

అయితే డబ్బు ఇచ్చినంత మాత్రాన జిమ్మేదారీ తీరిపోదు. అసలు లోపం అక్కడే ఉంది. ఆట తెలిసినవాళ్లను తీసేసి, ఆట గురించి ఎవరెవరి సలహాలో విన్నారు. నిర్ణయాలు పుణెలో జరుగుతాయి, ఫలితం బ్లాక్‌బర్న్‌లో అనుభవిస్తారు. యజమానులు ఏళ్ల తరబడి ఈవుడ్ పార్క్ ముఖం చూడలేదన్నది అభిమానుల ప్రధాన ఫిర్యాదు. ఎందుకు కొన్నారో, ఎటు తీసుకెళ్తున్నారో వాళ్లు ఊరికి నేరుగా చెప్పరు. జాక్ వాకర్‌కూ వీళ్లకూ తేడా డబ్బు కాదు, ఆ ఊళ్లో జనానికి ముఖం చూపించి జవాబు చెప్పుకోవడం.

ఇప్పుడు పరిస్థితి ఇంకా చిక్కుపడింది. విదేశానికి డబ్బు పంపడంపై మన ఈడీ విచారణ మొదలయ్యాక, క్లబ్‌కు సొమ్ము పంపాలంటే కంపెనీ ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కేసులో ఏది ఒప్పో ఏది తప్పో తేల్చేది కోర్టే. కానీ దాని భారం మోస్తున్నది ఆరేడు వేల కిలోమీటర్ల దూరంలోని ఊరు. సొంత అకాడమీలో ఎదిగిన ఆడం వార్టన్‌ను 2024 ఆరంభంలో క్రిస్టల్ ప్యాలస్‌కు అమ్మారు. కొన్ని నెలలకే అతను ఇంగ్లండ్ జట్టుకు ఆడాడు. ఆ సీజన్ ఆఖరి రోజున లెస్టర్ మీద 2-0తో గెలిచి బ్లాక్‌బర్న్ మూడో అంచెకు పడకుండా బయటపడింది. ఆ రెండు గోల్సూ కొట్టిన సామీ స్మోడిక్స్‌నూ ఆ వేసవిలో అమ్మేశారు.

2024-25 సీజన్ చూడండి. ఫిబ్రవరిలో జట్టు ప్లే ఆఫ్ పోటీలో ఉండగా మేనేజర్ జాన్ యూస్టస్ రాజీనామా చేసి, కిందికి దిగజారే ప్రమాదంలో ఉన్న డర్బీకి వెళ్లిపోయారు. మెరుగైన స్థానంలో ఉన్న క్లబ్‌ను వదిలి అడుగున ఉన్న క్లబ్‌కు ఒక మేనేజర్ ఎందుకు పోతాడు? ముందు ఏముందో కనిపించని చోట ఎవరు మాత్రం నిలబడతారు? ఆఖరికి బ్లాక్‌బర్న్ 66 పాయింట్లతో ఏడో స్థానంలో ఆగింది. ప్లే ఆఫ్‌కు చేరిన బ్రిస్టల్ సిటీకి 68. పొరుగు ఊరు, పాత ప్రత్యర్థి బర్న్‌లీ మాత్రం 100 పాయింట్లతో ప్రీమియర్ లీగ్‌కు వెళ్లింది.

ఓడకుండానే దిగిపోయిన అమ్మాయిలు

2025 మే నెలలో వచ్చిన వార్త అన్నిటికంటే బాధాకరం. బ్లాక్‌బర్న్ రోవర్స్ మహిళల జట్టు రెండో అంచె నుంచి తప్పుకుంటోందని క్లబ్ ప్రకటించింది. 2025-26 సీజన్‌కు ఆ లీగ్ పెట్టిన షరతులు, అంటే సౌకర్యాలు, వైద్య సిబ్బంది, ఆటగాళ్ల సంక్షేమం, వీటికి కావాల్సిన డబ్బు పెట్టడానికి యజమానులు సిద్ధపడలేదు. మైదానంలో ఆ అమ్మాయిలు తమ స్థానం నిలబెట్టుకున్నారు. 2019లో కష్టపడి గెలిచి ఎక్కిన మెట్టు అది. ఒక్క సంతకంతో కింది అంచెకు దిగాల్సి వచ్చింది.

2022లో యూరోపియన్ కప్ గెలిచిన ఇంగ్లండ్ మహిళల జట్టులోని కీరా వాల్ష్, జార్జియా స్టాన్‌వే, ఎల్లా టూన్ చిన్నప్పుడు ఆడింది ఈ క్లబ్ నీడలోనే. తర్వాతి వాల్ష్ ఎక్కడి నుంచి రావాలి? ఆ ఊళ్లో ఆట మీద ఆశ పెట్టుకున్న ముస్లిం అమ్మాయిలు కూడా ఉంటారు. ఇంట్లో ఒప్పించి, హిజాబ్‌తో మైదానంలోకి దిగాలనుకునే పిల్లకు కళ్ల ముందు ఒక దారి కనిపించాలి. ఆ దారి ఇప్పుడు కిందికి జరిగింది. పురుషుల జట్టులో ఒక ఆటగాడిని అమ్మితే వచ్చే డబ్బుతో పోలిస్తే మహిళల జట్టు ఖర్చు ఎంత? ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందు ఆడపిల్ల చదువు ఆపేసే తండ్రుల్ని మనమూ చూశాం. ఇది ఆ లెక్కే.

హైదరాబాద్‌కు ఇందులో ఏముంది?

ఫుట్‌బాల్ మనకు పరాయి ఆట కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ జట్లను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్ బిడ్డ. ఇదే నగరానికి చెందిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరక్కముందే జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. తర్వాత యాజమాన్యం మారింది. అప్పట్లో మన లీగ్‌లో రెలిగేషన్ లేదు, కాబట్టి కాగితం మీద ఆ జట్టు పై అంచెలోనే ఉండిపోయింది. ఆట మాత్రం ఎప్పుడో దిగిపోయింది. ఇంగ్లండ్‌లో ఊరంతా రోడ్డెక్కింది. మన దగ్గర ఎంతమంది అడిగారు?

ఇంగ్లండ్ ఈ సమస్యకు చట్టంతో జవాబు వెతుకుతోంది. బ్లాక్‌బర్న్‌కు దగ్గర్లోనే ఉన్న బరీ అనే ఊరి క్లబ్‌ను 2019లో డబ్బు లేక లీగ్ నుంచే బహిష్కరించారు. ఆ దెబ్బతో మొదలైన చర్చ ఫుట్‌బాల్ గవర్నెన్స్ బిల్లుగా పార్లమెంటులో నడిచి, 2025లో చట్టమైంది. దాని ప్రకారం స్వతంత్ర నియంత్రణ సంస్థ క్లబ్ కొనేవాళ్ల ఆర్థిక స్థితినీ యోగ్యతనూ పరిశీలిస్తుంది. స్టేడియం అమ్మాలన్నా, క్లబ్ చిహ్నం మార్చాలన్నా అడ్డూ అదుపూ ఉంటుంది. అభిమానులతో సంప్రదించడం తప్పనిసరి అవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, పట్టుకున్నారు.

ఇందులోని ఆలోచన మనకు కొత్తదేం కాదు. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ ఉంటాడు, యజమాని కాదు. ఆస్తి అతని చేతిలో అమానత్. బాగు చేయాలి, లెక్క చెప్పాలి, తర్వాతి తరానికి అప్పగించాలి. మన ముతవల్లీలందరూ అలాగే నడుచుకుంటున్నారని ఎవరూ అనలేరు, అది మన ఇంటి సమస్య. కానీ కొలబద్ద మాత్రం అదే. 150 ఏళ్ల క్లబ్‌ను డబ్బు పెట్టి కొన్నవాళ్లకు వాటాల మీద హక్కు వస్తుంది. తాతల నుంచి మనవళ్ల దాకా అక్కడ గొంతు పోయేలా అరిచిన జనం హక్కు దాంతో చెల్లిపోదు.

2025 ఆగస్టులో బ్లాక్‌బర్న్ మళ్లీ చాంపియన్‌షిప్‌లోనే ఆట మొదలుపెట్టింది. ఇక చూడాల్సినవి మూడు: పైసలు పంపే విషయంలో ఢిల్లీ కోర్టు ఏమంటుంది, మిగిలిన మంచి ఆటగాళ్లలో ఎంతమందిని అమ్ముతారు, కింది అంచెకు దిగిన అమ్మాయిల జట్టుకు కనీసం సరైన మైదానం, డాక్టర్ ఇస్తారా లేదా. మొదటి రెండూ పత్రికల్లో వస్తాయి. మూడోది పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆ కుటుంబానికి ఊరి మీద బాధ్యత ఉందో లేదో తేల్చి చెప్పేది మాత్రం ఆ మూడోదే.